ఇల్లరికం వీసా

మా పెళ్ళి జార్జియాలో జరిగింది. ఆ మాట అనగానే మా ఊళ్ళో వాళ్ళు "అమెరికాలనా?" అని అడుగుతారు. కాదు, ఇది వేరే జార్జియా. కొండలూ చలీ ద్రాక్షతోటలూ ఉన్న చిన్న దేశం. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకునే వాళ్ళలో తొందరగా, చట్టప్రకారంగా పెళ్ళి కావలసినవాళ్ళు విమానమెక్కి అక్కడికి వెళ్తుంటారు. పాస్‌పోర్టులూ ఇద్దరు సాక్షులూ ఉంటే చాలు, ఎక్కువ ప్రశ్నలు వేయకుండా పెళ్ళి చేసి పంపిస్తారు.

మేము ఇళ్ళల్లోంచి పారిపోయిన జంటేమీ కాదు. పెద్దలు కుదిర్చిన సంబంధమే. ఆమెది కాకినాడ. దోహాలో ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. నాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. అప్పట్లో మస్కట్‌లో ఒక కంపెనీలో బిల్డింగుల డ్రాయింగులు గీసేవాణ్ణి. నిశ్చితార్థం అయ్యాక రెండు వైపుల పురోహితులూ పంచాంగాలు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్ళ పురోహితుడికి నచ్చిన ముహూర్తం మా అయ్యగారికి నచ్చలేదు. ఇద్దరికీ నచ్చినదానికి మాకు సెలవు దొరకలేదు. సెలవు దొరికే సమయానికి మూఢం వచ్చి పడింది.

ఇక ఆమే వాళ్ళ పురోహితుడికి ఫోన్ చేసింది. "వీసా పని మొదలవ్వాలంటే ముందు మ్యారేజ్ సర్టిఫికెట్ ఉండాలండీ. ఏం చేయమంటారు?" అని అడిగింది.

ఆయన, "మూఢంలో మాంగల్యధారణ కూడదమ్మా. సంతకానికి మూఢం లేదు," అన్నాడు.

ఆ ఒక్క మాటతో రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి. ముందు కాగితం పెళ్ళి, తర్వాత తీరిగ్గా అసలు పెళ్ళి. నేను మస్కట్ నుంచి, ఆమె దోహా నుంచి బయల్దేరి ఆ చలిదేశంలో కలుసుకున్నాం.

అక్కడి పెళ్ళి ఆఫీసులో భాష తెలిసిన మనిషి కావాలంటే, ఆ ఊళ్ళో డాక్టరు చదువు చదువుతున్న గుంటూరు అమ్మాయి దొరికింది. తన రూమ్మేటును కూడా సాక్షిగా వెంటబెట్టుకొచ్చింది. రిజిస్ట్రారు పొడుగాటి మనిషి, పెద్దావిడ. మా ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, చాలాసేపు ఏదో గంభీరంగా చెప్పింది. మేమిద్దరం ఆ అమ్మాయి వైపు చూశాం.

"ఏదో ప్రేమ గురించి అంటున్నారన్నయ్యా," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "నాకు ఎముకలూ నరాలూ అయితే చెప్పొచ్చు గానీ, ఈ మాటలు ఇంకా రాలేదు."

రిజిస్ట్రారు మళ్ళీ ఏదో అడిగింది. ఈసారి ఆ అమ్మాయికి అర్థమైంది. "ఇప్పుడు మీరిద్దరూ 'కి' అనాలి," అంది.

"దేనికి?" అంది మా ఆవిడ.

"అదే అక్కా, 'కి' అంటే వాళ్ళ భాషలో అవునని."

కానీ రిజిస్ట్రారు అప్పటికే చిరునవ్వు నవ్వి రాసుకుంది. 'దేనికి' అన్న ప్రశ్నలో చివరి అక్షరం ఆవిడకు సరిపోయింది. నేను మాత్రం పద్ధతిగా "కి" అన్నాను. సర్టిఫికెట్ చేతికొచ్చింది. గుండ్రటి అక్షరాలు, కొమ్ములూ కొసలూ. దూరంగా పట్టుకుంటే మన తెలుగే అనిపించింది, దగ్గరకు తెచ్చుకుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు.

తర్వాత ఎవరి దేశానికి వాళ్ళం వెళ్ళిపోయాం. మూఢం వదిలాక నాలుగు రోజుల సెలవులో కాకినాడలో తాళి కట్టే పెళ్ళీ చేసుకుని, మళ్ళీ ఎవరి చోటికి వాళ్ళం వచ్చేశాం. సర్టిఫికెట్ మాత్రం మాకంటే ఎక్కువ తిరిగింది. ఇంగ్లీషులోకి మారింది, అరబ్బీలోకి మారింది, వెనకాల ముద్రలకు చోటు చాలక అదనపు కాగితాలు అతికించుకుంది. ఈలోగా మస్కట్‌లో నా ప్రాజెక్టు అయిపోయింది. ఆమె మస్కట్ రావాలంటే అక్కడి లైసెన్సు పరీక్ష కొత్తగా రాయాలి. నా డ్రాయింగులకు పరీక్ష లేదు. కాబట్టి కదలవలసింది నేనేనని తేలిపోయింది. విజిట్ వీసా మీద దోహాలో దిగాను.

ఆమె అప్పటివరకూ మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక విల్లాలో, ఆస్పత్రిలో పనిచేసే మరికొందరు ఆడపిల్లలతో కలిసి ఉండేది. ఆ విల్లా బాధ్యత చూసే మలయాళీ ఆంటీ మహా కచ్చితమైన మనిషి. మగవాళ్ళు చెప్పుల స్టాండు దాటి లోపలికి రాకూడదని ఆవిడ నియమం. నేను ముద్రలన్నీ ఉన్న పెళ్ళి సర్టిఫికెట్ చూపించాను. ఆవిడ దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "కంగ్రాచులేషన్స్," అని తిరిగిచ్చి, చెప్పుల స్టాండు పక్కనే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసింది. కొత్త పెళ్ళికొడుకుగా నా మొదటి సాయంత్రం ఆ కుర్చీలో, ఏసీ మిషను వేడిగాలి మోకాళ్ళకు కొడుతుండగా గడిచింది. ఆమె లోపలి నుంచి టీ తెచ్చిచ్చి, గుమ్మంలో నిలబడి మాట్లాడింది. వచ్చేపోయే అమ్మాయిలందరూ చెప్పులు విడుస్తూ నన్ను "హలో సర్" అని పలకరించి వెళ్ళారు.

ఆ వారమే ఐన్ ఖాలిద్‌లో చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. ఇల్లయితే వచ్చింది గానీ, నా విజిట్ వీసా కరిగిపోతూ ఉంది. దేశంలో నిలబడాలంటే ఏదో ఒక దారి ఎంచుకోవాలి.

మా పక్క బిల్డింగులో ఒంగోలు వాళ్ళొకరు ఉండేవారు. ఆయన ఒక కంపెనీలో అకౌంటెంటు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళందరికీ వీసా సలహాలు చెప్పడం ఆయనకు సరదా. అందరూ అన్నగారు అంటారు. మమ్మల్ని భోజనానికి పిలిచి, కూరలయ్యాక బల్ల మీది గిన్నెలు పక్కకు జరిపి, చెంచాలు తీసుకుని వరసగా పేర్చాడు.

"ఇది మొదటి దారి. విజిట్ పొడిగించుకుంటా ఉండటం, ఈలోగా ఉద్యోగం వెతుక్కోవటం. ఇది రెండోది. నేరుగా కంపెనీ వీసా. అది దొరికితే రాజాలాగా ఉండొచ్చు." ఇక మూడో చెంచా తీసుకుని గొంతు బాగా తగ్గించాడు. "ఇంకోటి ఉంది. అమ్మాయి స్పాన్సర్‌గా ఉండి, మీరు డిపెండెంట్‌గా... అందరికీ ఇవ్వరులెండి. మన అమ్మాయి ఉద్యోగానికి ఇవ్వొచ్చు."

వంటింట్లోంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది. "గొంతెందుకండీ అంత తగ్గిస్తారు? ఆయనేమన్నా దొంగతనం చేశాడా?"

"అది కాదే, మగవాడన్నాక..."

"నేను పన్నెండేళ్ళ నుంచి మీ వీసా మీదే ఉన్నాను. నా గురించి చెప్పేటప్పుడు ఏనాడూ గొంతు తగ్గించలేదే?"

అన్నగారు చెంచాలన్నీ గిన్నెలో వేసేశాడు. ఆవిడ పెరుగు గిన్నెతో వచ్చి, మా ఆవిడ పక్కన కూర్చుని, "మూడోదే చేసుకోండమ్మా," అంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పెరుగు గిన్నె వైపు చూశాను.

ఇంటికి వచ్చే దారిలో ఆమె, "నీకు ఇబ్బందిగా ఉంటే వద్దు," అంది.

"ఇబ్బందేం లేదు. నా ప్రయత్నం నేను ఒకసారి చేసి చూస్తాను," అన్నాను. అలా అన్నానంటే ఇబ్బందిగా ఉందనే అర్థమని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

ఇండస్ట్రియల్ ఏరియాలో మా కాక ఉన్నాడు. మా బాపుకు, అంటే నాన్నకు, తమ్ముడు. చాలా ఏళ్ళుగా అక్కడి క్యాంపులో ఉంటూ సైట్లలో పరంజా కట్టే పని చేస్తున్నాడు. ఆ శుక్రవారం ఆయన్ను కలవడానికి వెళ్ళి, మంచం మీద పక్కన కూర్చుని, సంగతంతా చెప్పాను.

"పెండ్లాం వీసా మీద ఉంటవారా?" అన్నాడు కాక. గదిలో ఉన్న మిగతావాళ్ళు ఫోన్లు పక్కనపెట్టారు.

"ఇంకా అనుకోలే కాక. అదొక దారి అంటున్నరు."

"గా దారి మనకెందుకు? మా కంపెనీ పక్కన ఇంకో కంపెనీ ఉంది. డ్రాయింగులు గీసేటోళ్ళు కావాలన్నరు. అండ్ల మేనేజరు మన హైదరాబాదాయినే. నేను మాట్లాడుత, నువ్వు పోయి కలువు."

కలిశాను. మేనేజరు నా డ్రాయింగులు చూసి మెచ్చుకున్నాడు. టీ తెప్పించాడు. ఎప్పుడు చేరతావని అడిగాడు. అంతా అయ్యాక, గ్లాసు కింద పెడుతూ, "ఒక్క చిన్న ముచ్చట భాయ్," అన్నాడు. "డ్రాఫ్ట్స్‌మన్ వీసాలు అయిపోయినయ్. ఒక్కటే మిగిలింది, కుక్‌ది. కాగితం మీద కుక్ అని ఉంటది. పనైతే డ్రాయింగే. క్యా ఫరక్ పడ్తా?"

నాకూ పెద్ద తేడా ఏముందిలే అనిపించింది. సొంత వీసా దొరికిందన్న సంతోషం అలాంటిది. బయటికి రాగానే కాకకు చెప్పాను. "కుకయితే ఏంది, డ్రైవరయితే ఏంది, నీ వీసా నీదే," అన్నాడు. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను.

ఆమె మామూలుగా నన్ను నువ్వు అంటుంది. కోపం వచ్చినప్పుడు మాత్రమే మీరు అంటుంది.

"మీకు వంటొచ్చాండీ?" అని అడిగింది.

"అది కాగితం మీద మాత్రమే."

"రేపెవరన్నా చెకింగ్‌కి వస్తే? కుక్ కంప్యూటర్ ముందు ఎందుకు కూర్చున్నాడని అడిగితే? సరే, వంట చేసి చూపించమంటే ఏం చేస్తారు?"

"గుడ్డు పొరటు వచ్చు."

"దాన్లో ఉప్పెంతెయ్యాలో నిన్న కూడా నన్నే అడిగారు."

ఆ తర్వాత ఆమె కోపం తగ్గించుకుని, పక్కన కూర్చుని, నెమ్మదిగానే చెప్పింది. దొంగ పేరుతో ఉద్యోగంలో చేరితే దొరికిన రోజు పంపించేస్తారు. మళ్ళీ రానివ్వకపోవచ్చు కూడా. ఇంత దూరం వచ్చి, అంత పెళ్ళి చేసుకుని, మళ్ళీ వీడియో కాల్లో కాపురం చేయడం తన వల్ల కాదంది. అంతవరకు నేను నా పరువు గురించే ఆలోచిస్తున్నాను. ఆమెకు నేను కావాలని, ఈ తతంగమంతా అందుకేనని, అప్పుడు తెలిసింది.

"సరే. నీ వీసానే," అన్నాను.

ఇక మిగిలింది ఇంటికి చెప్పడం. మా బాపుకు ఈ పక్కనున్న దేశాలన్నీ దుబాయే. మస్కట్‌లో ఉన్నన్నాళ్ళూ నేను ఆయన లెక్కలో దుబాయ్‌లోనే ఉన్నాను. ఫోన్‌లో నేను చెప్పినదంతా విన్నాడు.

"అంటే ఇల్లరికమా?" అన్నాడు చివరికి.

"ఇల్లరికం కాదు బాపూ. వీసా."

"కోడలు తీసుకపోయి పెట్టుకుంటున్నదా లేదా? గదే ఇల్లరికం. ఇల్లరికానికి ఇప్పుడు వీసా గూడ ఇస్తున్నరా?"

ఈలోగా మా అవ్వ, అంటే అమ్మ, ఫోన్ లాక్కున్నట్టుంది. "ఇల్లరికం పోయినోనికి అత్తగారిల్లన్న ఉంటది. వీనికి గా ఇల్లు గూడ లేదు, కిరాయిల్లు," అని మా బాపుకు సర్దిచెప్పడం వినిపించింది.

"ఊర్లె ఏమని చెప్పాలె?" అన్నాడు బాపు వెనకాల నుంచి.

"కొడుకు దుబాయ్‌ల ఉన్నడని చెప్పు. ఇన్నేండ్ల సంది గదే చెప్తున్నవు గదా."

బాపు ఫోన్ మళ్ళీ తన చేతికి తీసుకున్నాడు. "అమ్మాయికి కోపం రాకుంట ఉండు," అని మాత్రం నాతో చెప్పి ఫోన్ పెట్టేశాడు.

మరుసటి రోజు కాగితాలన్నీ పట్టుకుని ఇద్దరం ఒక టైపింగ్ సెంటర్‌కు వెళ్ళాం. దరఖాస్తులు అరబ్బీలో నింపిపెట్టే చిన్న దుకాణం అది. లోపలున్న టైపిస్టు కేరళ మనిషి. వచ్చిన వాళ్ళ ముఖం చూడకుండానే టకటకా టైపు చేసేస్తాడు. మావి కూడా అలాగే చేశాడు. డబ్బు కట్టి, అప్లికేషన్ పంపించి, ఇంటికి వచ్చి పాయసం చేసుకున్నాం. అది వెనక్కి వచ్చింది. ఎందుకని చూస్తే, అలవాటు ప్రకారం ఆయన నన్ను స్పాన్సర్‌గా, ఆమెను నా డిపెండెంట్‌గా పెట్టేశాడు. ఆ దేశంలో నివాసమే లేని మనిషి, అప్పటికే అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని పిలిపించుకుంటున్నాడన్నమాట.

మళ్ళీ వెళ్ళాం. ఈసారి మా ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. మాటలన్నీ హిందీలోనే నడిచాయి.

"స్పాన్సర్ పేరు?" అని అడిగాడు.

ఆమె తన పేరు చెప్పింది.

"మీది కాదు మేడమ్, స్పాన్సర్‌ది."

"నేనే స్పాన్సర్."

అతను మొదటిసారి తలెత్తి, ఆమెను వదిలేసి నన్ను చూశాడు. నేను తలూపాను. అతను కుర్చీలోంచి కొంచెం లేచి, పక్క బల్ల మీదున్న మనిషిని పిలిచి మలయాళంలో ఏదో చెప్పాడు. ఇద్దరూ నన్ను చూశారు. అది ఎగతాళి చూపు కాదు. ఎక్కడో చదివిన జంతువును మొదటిసారి ప్రత్యక్షంగా చూస్తున్నప్పటి చూపు.

ఎంతో శ్రద్ధగా, ప్రతి అక్షరం చదివి వినిపిస్తూ టైపు చేశాడు. రెండోసారి కూడా అప్లికేషన్ వెనక్కి వచ్చింది. ఈసారి పేర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ స్పాన్సర్‌తో సంబంధం అన్నచోట, చేయి అలవాటు కొద్దీ, 'భార్య' అని నొక్కేశాడు. కంప్యూటర్ లెక్కలో నేను మగవాణ్ణి, మా ఆవిడకు భార్యను.

మా ఆవిడకు నవ్వు ఆగలేదు. పోనీలే అని నేనూ నవ్వాను గానీ, విజిట్ వీసా గడువు దగ్గరపడుతోంది, లోపల భయంగానే ఉంది. టైపిస్టు పాపం నొచ్చుకున్నాడు. మూడోసారి డబ్బు తీసుకోలేదు. కడక్ టీ తెప్పించి, మా ఇద్దరి చేతా ప్రతి గడీ చదివించి, చివరికి బటన్ నన్నే నొక్కమన్నాడు.

అది వెనక్కి రాలేదు. ఇంటర్వ్యూకు రమ్మని కబురొచ్చింది.

ఆ పొద్దున్న నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకుని, అడిగితే చెప్పడానికి నా చదువూ అనుభవమూ మనసులో వల్లె వేసుకుంటూ వెళ్ళాను. కౌంటర్ వెనక తెల్లటి దుస్తుల్లో పెద్ద వయసు ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. ఆయన నన్ను ఏమీ అడగలేదు. నా వైపు చేయి చూపించి, పక్కనున్న కుర్చీలో కూర్చోమన్నాడు. ప్రశ్నలన్నీ ఆమెకే. ఏ ఆస్పత్రి, ఎన్నాళ్ళ నుంచి, ఇల్లెక్కడ, ఎన్ని గదులు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో పిల్లలాగా కూర్చున్నాను.

చివర్లో ఆయన కళ్ళద్దాలు తీసి, "హస్బెండ్ గుడ్?" అని అడిగాడు.

అది మర్యాదకు అడిగిన మాటేనని నాకు తెలుసు. ఠక్కున ఎస్ అంటే సరిపోతుంది. ఆమె మాత్రం దాన్ని పరీక్ష పేపర్లో ప్రశ్నలాగా తీసుకుని ఆలోచించడం మొదలుపెట్టింది. ఆయన ఎదురు చూశాడు. నేను కూడా ఎదురు చూశాను.

"ఇప్పటిదాకా బాగానే ఉన్నాడు సర్," అంది ఇంగ్లీషులో. "కొత్తవాడు."

ఆఫీసరు ఒక క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. పక్క కౌంటర్ ఆయనకు అరబ్బీలో ఆ మాట చెప్పాడు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే కాగితం మీద ముద్ర వేసి, "యల్లా, గో," అన్నాడు, ఈసారి నా వైపు చూసి. "కీప్ హర్ హ్యాపీ."

బయటికి వచ్చాక, "అంతసేపు ఆలోచించాలా?" అని అడిగాను.

"అబద్ధం చెప్పకూడదు కదా," అంది. "ఆలోచించే చెప్పాను. బాగానే ఉన్నావు."

రక్తపరీక్షలు, వేలిముద్రలు అన్నీ అయ్యి నివాసపు కార్డు వచ్చింది. కార్డొచ్చాక కూడా కొన్నాళ్ళు విచిత్రంగానే ఉండేది. బ్యాంకులో ఖాతా తెరవాలంటే స్పాన్సర్ నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం తెమ్మన్నారు. సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చి, చెప్పులు విప్పకుండానే బల్ల మీద వంగి రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. 'ఇతను నా భర్త. ఇతనితో నాకు ఏ అభ్యంతరమూ లేదు.' ఖాతా గురించి రాయడం మర్చిపోయింది. బ్యాంకువాళ్ళు దాన్ని తీసుకోకుండా ఇంకోటి రాయించుకు రమ్మన్నారు. తిప్పి పంపినందుకు నేనేమీ బాధపడలేదు.

తర్వాత ఒక శుక్రవారం కాక భోజనానికి వచ్చాడు. క్యాంపు నుంచి తనతో పాటు ఇంకో ఇద్దరిని తీసుకొచ్చాడు. మా ఆవిడ పనసపొట్టు కూర, చేపల పులుసు చేసింది. కాకకు పనసపొట్టు ఏమిటో తెలియక, మాంసమనుకుని రెండుసార్లు వడ్డించుకున్నాడు. తింటూ ఉన్నట్టుండి తన మనుషుల వైపు తిరిగి చెప్పాడు.

"నేను ఇన్నేండ్ల సంది ఈడ ఉంటున్న. మా కఫీల్ మొకం ఇప్పటిదాంక సూడలే. ఈడు సూడు, ఈని కఫీల్ ఈనికి పక్కన కూసోని అన్నం పెడుతున్నది."

వాళ్ళిద్దరూ నా వైపు చూసిన చూపులో జాలి ఏమాత్రం లేదు. కఫీల్ అంటే మనల్ని ఈ దేశంలో నిలబెట్టే యజమాని. ఆ మాటకు క్యాంపులో ఎంత బరువుందో నాకు తెలుసు. సెలవడగాలన్నా, కంపెనీ మారాలన్నా ఆ మాటే. దాన్ని కాక ఇలా నవ్వుతూ వాడడం నేను మొదటిసారి విన్నాను.

"మామయ్యగారూ, ఇంకొంచెం పులుసు వేసుకోండి," అంది మా ఆవిడ.

"ఎయ్యి బిడ్డా," అని కంచం ముందుకు జరిపి, కాస్త గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, ఒక్క ముచ్చట అడుగుత, ఏమనుకోకు. ఈళ్ళిద్దరూ మంచి పిల్లలు. తాగుడు లేదు, ఏం లేదు. మీ ఆస్పత్రిల పెండ్లి గాని అమ్మాయిలు ఉంటరు గదా. మనోళ్ళు ఎవరన్న ఉంటే..."

ఆ ఇద్దరూ ఒక్కసారిగా తలలు కంచాల్లోకి వంచేశారు. ఒకతని చెవులు ఎర్రబడ్డాయి.

మా ఆవిడ వడ్డించడం ఆపి, వాళ్ళిద్దరినీ నిజంగానే పరికించి చూసింది. "ఉన్నారు మామయ్యగారూ," అంది. "అడిగి చెప్తాను. కానీ వీళ్ళు ఇల్లు తుడుస్తారా?"

"తుడుస్తరు," అన్నాడు కాక వాళ్ళ తరఫున, ఏ మాత్రం తడుముకోకుండా. "బాత్రూములు గూడ కడుగుతరు. క్యాంపుల వంతులుంటయ్ బిడ్డా."

భోజనం అయ్యాక ఆ ఇద్దరూ ఎవరూ చెప్పకుండానే కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు. నేను కూర్చునే ఉన్నాను. మా ఆవిడ నా వైపు చూసింది. నేనూ లేచాను.